చదరంగ ప్రథమపాఠ గ్రంథములు

క్లీవ్‌లండు ప్రజా గ్రంథాలయమునకు జాన్ జి. వైట్ మరణానంతరము, 1928లో, సంక్రమించిన చదరంగ గ్రంథసంచయము లోకప్రసిద్ధము. అట్టి భాండారమున తొలి అభ్యాసకుడు ఏ పుస్తకమును గైకొనవలెను? పేరును నమ్మి కాక్స్‌టన్ 1474 ప్రాంతమున ముద్రించిన ఆంగ్లగ్రంథమును చేపట్టినచో మోసపోవును. అది పావులను మిషగా గొన్న నీతిగ్రంథము. ఎత్తుల వివరణము చివరి భాగముననే కలదు. అందును మంత్రి నడక పాతది, నేటి దూరగమనము దానికి లేదు. గ్రంథసూచి మాత్రము దానిని చదరంగము క్రిందనే చేర్చును!

1512లో రోమున వెలువడిన దామియానో పుస్తకము నియమములను, ఆరంభపుటెత్తులను, సమస్యలను బోధించును. నేర్చుకొనువానికై వ్రాయబడినది ఇదియే యని మేము తలంతుము. మన దేశమున తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతమునుండి ఆంగ్లీకరించిన గ్రంథము 1814లో బొంబాయిలో అచ్చయినది. అది ప్రధానముగా చిక్కుస్థితుల సంకలనమే యైనను, అభ్యాసకుని ఉద్దేశించినట్లు ముఖపత్రమే చెప్పుచున్నది. కావున దానిని దామియానో సరసన నుంచుటయే న్యాయము.