సార్కు దీవి

ఇంగ్లీషు కాలువలో గెర్న్సీకి తూర్పున సార్కను చిన్న దీవి కలదు. అచట మోటారుకార్లు నిషిద్ధములు. గుఱ్ఱపుబండ్లును, సైకిళ్లును, సేద్యమునకు ట్రాక్టర్లును తిరుగుచుండును. చూడబోయినవారెల్ల అచటి నెమ్మదిని కొనియాడుదురు, కొనియాడదగినదే. కాని ఆ నెమ్మదిలో, పాలనయందు మాట చెల్లని వారి మౌనము గూడ చిరకాలము కలసియుండెను.

1565లో ఎలిజబెత్తు రాణి యీ దీవిని హీలియర్ డి కార్టరేకు జాగీరుగా నొసగెను. సముద్రపు దొంగలు చేరకుండ 40 మంది సాయుధులను నిలుపవలెననునది షరతు. అట్లేర్పడిన 40 కమతముల స్వాములే, ఎవరి యెన్నికయు లేకయే, తరతరములుగా శాసనసభలో కూర్చుండిరి. 1922లో ప్రజలెన్నుకొన్న 12 మందికి చోటు దొరకెను. 40 ముందఱ 12 ఏపాటి? మన జమీందారీలు 1948 నాటి మద్రాసు చట్టముతో రద్దయ్యెను. సార్కు సభలో భూస్వాముల జన్మహక్కు తొలగి, 28 స్థానములకును ఎన్నిక జరుగుటకు 2008 డిసెంబరు రావలసివచ్చెను. కార్లపై నిషేధము మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు.