విషము పెట్టిన ఉత్ప్రేరకము

1897లో ఫ్రాన్సు దేశమందలి టూలూజ్ నగరమున సబాతియే, సెండెరెన్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఇథిలీను వాయువును ఉదజని (హైడ్రోజన్)తో కలిపి, వేడిచేసిన నికెలు పొడి మీదుగా పంపిరి. అది ఈథేనుగా మారెను. ఈ మార్గమునకై సబాతియేకు 1912లో రసాయన నోబెల్ బహుమానమున సగము లభించినది. నూనెను గట్టిపరచి వనస్పతి చేయు పద్ధతియు దీని సంతానమే.

అయితే ఒక చిక్కు గలదు. త్రిబంధమునకు రెండు ఉదజని పరమాణువులు చేరిన ద్విబంధమును, మరి రెండు చేరిన ఏకబంధమును ఏర్పడును. రసాయనజ్ఞునికి తరచు కావలసినది ఆ నడిమి మజిలీ. ఉత్ప్రేరకమో, అక్కడ ఆగదు.

విటమిన్ ఎ కొరవడిన పిల్లలకు మొదట రేచీకటి వచ్చును. ముదిరినచో చూపే పోవును. స్విట్జర్లండులోని బాసెల్ నగరమున రోష్ సంస్థకు చెందిన ఇస్లర్ బృందము 1947లో ఈ విటమినును కృత్రిమముగా తయారుచేయు విధానమును రూపొందించెను. అందొక మెట్టులో త్రిబంధము ద్విబంధము కావలెను. అణువులో మునుపే ఉన్న ద్విబంధములు మాత్రము చెడరాదు.

అదే సంస్థలోని హెర్బర్ట్ లిండ్లర్ 1952లో దీనికి చక్కని ఉపాయమును ప్రకటించెను. కాల్షియం కార్బనేటు పొడిపై పల్లాడియము లోహమును నిలిపి, దానికి సీసముతో బుద్ధిపూర్వకముగా విషము పెట్టెను! త్రిబంధము గల అణువు పల్లాడియమును గట్టిగా పట్టుకొనును. ద్విబంధము గల అణువు పట్టు అంతకంటె తక్కువ. సీసము ఆ పట్టును మరింత సడలించుటచే అది ముందే విడివడి పోవును. రెండు ఉదజని పరమాణువులును ఒకే వైపునుండి చేరుటచే సిస్ రూపమే ప్రధానముగా లభించును. విద్యార్థులు దీనిని వనస్పతితో పోల్చి చూడవలెను. అచట నికెలుపై మార్పు సగములో ఆగినపుడు ట్రాన్స్ కొవ్వులు పుట్టినవి. అవి గుండెకు చేటని తేలగా, 2022 నుండి మన దేశమున నూనెలు, వనస్పతి వంటి కొవ్వులలో వాటికి నూటికి 2 పాళ్లు హద్దు విధించిరి.

సీసము మనుష్యులకును విషమే గదా! అది లేకుండ ఉత్ప్రేరకమునకు కళ్లెము వేయుట ఎట్లు? నేటి ప్రయత్నములు నానోకణములపై సాగుచున్నవి. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. కొలది నానోమీటర్ల పల్లాడియపు కణములను ద్రవములో తయారుచేసి, పొడవైన కర్బన శృంఖలములు గల అణువులను వాటికి కవచముగా తొడిగి, సీసము చేయు పనిని వాటిచే చేయింతురు. కణపు పరిమాణమును ముఖ్యమే. పల్లాడియము ఉదజనిని తనలోనికి మ్రింగును. అట్లు దాగిన ఉదజని బయటికి వచ్చి మార్పును హద్దు దాటించును. కణము మిక్కిలి చిన్నదైన కొలది ఈ దాపరికము తగ్గును.

నాకు అన్నిటికంటె ముచ్చటగా తోచినది 2012లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమువారు చూపిన మార్గము. రాగి ఉపరితలమున నూటికొక పాలు మాత్రమే పల్లాడియమును, పరమాణువులు ఒంటరిగా ఉండునట్లు నాటిరి. ఉదజని అణువు పల్లాడియముపై చీలి, పరమాణువులు రాగిపైకి ప్రాకును. రాగి పట్టు బలహీనము గనుక, ఎసిటిలీను ఇథిలీనై, ఈథేనుగా మారకముందే లేచిపోవును.