దంతవైద్యంలో ప్లాస్టర్ నమూనాలు: సాక్ష్యం, ప్రమాణం

1. ఉపోద్ఘాతం

పై పలువరుస, కింది పలువరుస ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో నోటిలోకి చూసినంత మాత్రాన పూర్తిగా తెలియదు. పెదవులు, బుగ్గలు చూపునకు అడ్డుపడతాయి. నోరు మూసినప్పుడు నాలుకవైపు నుంచి పళ్ళ కలయికను చూడటం సాధ్యమే కాదు. ఈ పరిమితిని దాటడానికి దంతవైద్యం ఆశ్రయించిన సాధనం ప్లాస్టర్ నమూనా. చరిత్రలో ఈ నమూనా రెండు పనులు చేసింది. ఒక వ్యక్తి నోటికి అది సాక్ష్యంగా నిలిచింది. అనేకుల నోళ్ళను కొలిచే ప్రమాణానికి ఆధారమైంది. సాక్ష్యం ప్రమాణంగా మారిన క్రమాన్ని, ఆ మార్పులో తలెత్తిన సమస్యలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. అచ్చు నుంచి నమూనా

కట్టుడుపళ్ళను ఏనుగు దంతంతోనో, నీటిగుర్రం కోరతోనో చెక్కిన కాలంలో వాటిని రోగి నోటిలో పదేపదే పెట్టి చూసి సరిచేయవలసి వచ్చేది. బెర్లిన్‌కు చెందిన ఫిలిప్ ఫాఫ్ 1756లో ప్రచురించిన గ్రంథంలో మరొక మార్గాన్ని వివరించాడు. మైనంతో దవడ అచ్చును రెండు భాగాలుగా తీసి, వాటిని జతచేసి, అందులో ప్లాస్టర్ పోసి నమూనా తయారుచేసే పద్ధతి అది. దానితో రోగి ఎదుట లేకపోయినా పని సాగించే వీలు కలిగింది.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యభాగంలో వల్కనైట్ అనే గట్టి రబ్బరు వాడుకలోకి రావడంతో నమూనా ప్రాధాన్యం పెరిగింది. మెత్తటి రబ్బరును నమూనా ఆధారంగా తీర్చి వేడితో గట్టిపరిచేవారు. అందువల్ల నమూనాలోని దోషం కట్టుడుపళ్ళలోకీ వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ నుంచి అగర్ సరఫరా నిలిచిపోవడంతో అచ్చులు తీయడానికి ఆల్జినేట్ వాడకం విస్తరించింది.

నమూనాకు మరొక గుణం కూడా ఉంది. చికిత్సతో పళ్ళు జరుగుతాయి, వయసుతో అరుగుతాయి, రాలిపోతాయి. నమూనా మాత్రం తీసిన నాటి స్థితినే చూపుతూ ఉంటుంది. చికిత్సకు ముందు, తర్వాత తీసిన నమూనాలను పక్కపక్కన పెట్టి చూడగలగడం వల్ల దంతవైద్యుని మాటను పరీక్షించే అవకాశం ఏర్పడింది.

3. ఆదర్శం, వివాదం

అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ ఏంగిల్ 1899లో పళ్ళ అమరికలోని లోపాలను మూడు తరగతులుగా విభజించాడు. పై దవడలోని మొదటి చర్వణకానికి, కింది దవడలోని మొదటి చర్వణకానికి మధ్య గల సంబంధమే ఈ విభజనకు ఆధారం. నమూనాను చేతిలోకి తీసుకుని ఎవరైనా నిర్ణయించగల విభజన కాబట్టి ఇది నేటికీ వాడుకలో ఉంది. అయితే ఏంగిల్ అంతటితో ఆగలేదు. అన్ని పళ్ళూ ఉండి చక్కగా కలిసే పలువరుసే ఆదర్శమనీ, దానికోసం పళ్ళు తీయకుండా చికిత్స చేయాలనీ వాదించాడు. ‘ఓల్డ్ గ్లోరీ’ అని పేరుపడిన ఒక పుర్రెను ఆ ఆదర్శానికి ఉదాహరణగా చూపాడు.

కాల్విన్ కేస్ 1911లో ఈ వాదాన్ని వ్యతిరేకించాడు. కొందరిలో అన్ని పళ్ళనూ వరుసలో నిలిపితే ముఖం ముందుకు పొడుచుకు వస్తుందనీ, అటువంటివారికి కొన్ని పళ్ళు తీయడమే మేలనీ ఆయన వాదన. తర్వాత ఏంగిల్ శిష్యుడైన చార్లెస్ ట్వీడ్ కూడా తన రోగుల ఫలితాలను సమీక్షించుకుని, పళ్ళు తీసే పద్ధతివైపు మొగ్గాడు. నమూనా పళ్ళ కలయికను చూపుతుంది, ముఖాన్ని చూపదు. కనుక నమూనాలో చక్కగా కనిపించే ఫలితం మనిషిలో చక్కగా ఉండితీరాలన్న నియమం లేదు.

4. నమూనాలు సంఖ్యలైన తీరు

ఇరవయ్యో శతాబ్దంలో ఆదర్శం కొలతల రూపం ధరించింది. ఫ్రాన్స్‌కు చెందిన పాంట్ 1909లో పై కుంతకాల మొత్తం వెడల్పు నుంచి పలువరుస వెడల్పును లెక్కించే సూచిక ప్రతిపాదించాడు. వేన్ బోల్టన్ 1958లో చక్కని అమరిక గల 55 మంది నమూనాలను కొలిచి, కింది పళ్ళ మొత్తం వెడల్పు పై పళ్ళ వెడల్పులో సగటున 91.3 శాతం అని తేల్చాడు. లారెన్స్ ఆండ్రూస్ 1972లో చికిత్స అవసరం కలగని 120 మంది నమూనాల నుంచి ఆరు లక్షణాలను గ్రహించాడు.

1974లో టనాకా, జాన్‌స్టన్ ప్రతిపాదించిన సూత్రం పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని పిల్లలకు సంబంధించినది. కింది నాలుగు కుంతకాల మొత్తం వెడల్పులో సగానికి కింది దవడకైతే 10.5, పై దవడకైతే 11 మిల్లీమీటర్లు కలిపితే, ఒక పక్కన ఇంకా రావలసిన రదనిక, రెండు అగ్రచర్వణకాల మొత్తం వెడల్పు అంచనాకు వస్తుంది. ఈ సూత్రానికి ఆధారం ఉత్తర ఐరోపా సంతతికి చెందిన 506 మంది.

తెలుగు రాష్ట్రాలతో సహా భారతదేశ దంతవైద్య కళాశాలలలో విద్యార్థులు ఈ సూత్రాలనే నేర్చుకుంటారు. పళ్ళ పరిమాణం జనసమూహాన్ని బట్టి, స్త్రీపురుష భేదాన్ని బట్టి మారుతుంది. అంచనా అసలు కంటే ఎక్కువైతే చోటు ఉన్నా లేదని భావించి పన్ను తీసే ప్రమాదం ఉంది. తక్కువైతే చోటు కాపాడవలసిన సమయం జారిపోతుంది. భారతీయ బాలల మీద ఈ సూత్రాలను పరీక్షించిన అధ్యయనాల ప్రయోజనం ఇక్కడే ఉంది.

5. నమూనా నిజమైన సాక్షి అయిన సందర్భం

1987లో మైకేల్ మార్స్, ఆయన సహచరులు ‘గోస్లాన్’ కొలమానాన్ని రూపొందించారు. గ్రహణమొర్రి, చీలిన అంగుడితో పుట్టి శస్త్రచికిత్స పొందిన పిల్లల పలువరుస నమూనాలను ఇది ఐదు వర్గాలుగా విభజిస్తుంది. ఆరు ఐరోపా కేంద్రాల ఫలితాలను పోల్చిన ‘యూరోక్లెఫ్ట్’ అధ్యయనంలోనూ ఇది ఉపయోగపడింది. నమూనా ఏ కేంద్రానిదో తెలియకుండానే పరీక్షకులు వర్గాన్ని నిర్ణయించారు. కేంద్రాల మధ్య స్పష్టమైన తేడాలు బయటపడ్డాయి. తర్వాత బ్రిటన్‌లో జరిగిన సమీక్ష 1998లో, 57 చోట్ల జరుగుతున్న ఈ చికిత్సను 8 నుంచి 15 కేంద్రాలకు పరిమితం చేయాలని సిఫారసు చేసింది. ఏ ఆదర్శ నమూనాతోనూ పోల్చి మనుషుల్ని తూచకుండా, ఒకే స్థితిలో పుట్టిన పిల్లలకు జరిగిన చికిత్సలను పరస్పరం పోల్చడమే ఈ పద్ధతి బలం.

6. ముగింపు

1985లో జ్యూరిక్‌లో నోటిలోని పంటిని కెమెరాతో కొలిచి పూరణను యంత్రంతో చెక్కే పద్ధతి మొదలైంది. నేడు ప్లాస్టర్ స్థానాన్ని స్కానర్ ఆక్రమిస్తోంది. పలువరుస నమూనాలు కంప్యూటర్లలో చేరుతున్నాయి. వాటి ఆధారంగా చికిత్సను సూచించే కృత్రిమ మేధ రూపుదిద్దుకుంటోంది. సాధనం మారినా ప్రశ్న మారలేదు. బోల్టన్ 55 నమూనాలను అడగవలసిన ప్రశ్ననే లక్షల నమూనాలనూ అడగాలి: ఇవి ఎవరి నోళ్ళు? ఈ నిష్పత్తులు ఎవరికి వర్తిస్తాయి? సంఖ్య పెరిగినంత మాత్రాన ఆ నోళ్ళ వైవిధ్యం పెరగదు. దంతవైద్య చరిత్రలో నమూనా తన సొంత నోటి గురించి చెప్పిన సాక్ష్యం నిలిచింది. పరాయి నోటి గురించి చెప్పినప్పుడు మాత్రం ఆ మాటను మళ్ళీ పరీక్షించవలసి వచ్చింది.