హై డెఫినిషన్ వీడియో – గ్రాఫిక్స్ కార్డు తోడ్పాటు

కావేరిపాక్కం, ఆర్కాడు, గుడియాత్తం ప్రాంతాలలోని ఇళ్ళలో పెళ్ళి వీడియోలు ఒకప్పుడు క్యాసెట్లలో, ఆ తరువాత డీవీడీలలో ఉండేవి. నేడు అవి పెన్‌డ్రైవ్‌లో వస్తున్నాయి. దానిని పాత కంప్యూటరుకు తగిలించి చూస్తే నాదస్వరం సాఫీగా వినిపిస్తుంది. బొమ్మ మాత్రం తడబడి, ముక్కలై, ఆగి ఆగి కదులుతుంది. కంప్యూటరుకు కాలం చెల్లిందని భావించి, కొత్తది కొనడానికి వేల రూపాయలు వెచ్చించే ముందు ఈ తడబాటుకు కారణమేమిటో తెలుసుకోవడం మేలు.

బరువు ఎంత?

మన దేశపు డీవీడీలో ఒక్కొక్క దృశ్యం 720 × 576 చుక్కలతో, అంటే 4,14,720 చుక్కలతో ఏర్పడుతుంది. పూర్తి హై డెఫినిషన్ దృశ్యంలో 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు ఉంటాయి. ఇది సరిగ్గా ఐదు రెట్లు. సెకనుకు 25 దృశ్యాల చొప్పున లెక్కిస్తే ఐదు కోట్ల పద్దెనిమిది లక్షలకు పైగా చుక్కలు ప్రతి సెకనూ సిద్ధం కావాలి. కుదించకుండా భద్రపరిస్తే గంట వీడియోకు సుమారు 280 గిగాబైట్ల చోటు అవసరం.

అందుకే వీడియోను కుదిస్తారు. ముందు దృశ్యానికీ తరువాతి దృశ్యానికీ మధ్య మారినదానిని మాత్రమే వ్రాసుకొని, మారని దానిని వదిలివేయడం ఈ విద్యలోని కీలకం. పందిరి కదలదు, పురోహితుని చేయి కదులుతుంది. కనుక చేయి కదలికను మాత్రమే నమోదు చేస్తే చాలును. 2003లో ఆమోదం పొందిన హెచ్.264 ప్రమాణం ఈ పనిని ఎంతో సమర్థంగా చేస్తుంది. అయితే ఎంత గట్టిగా కుదిస్తే, విప్పడం అంత శ్రమ.

ఆ శ్రమ ఎవరిది?

కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు అన్ని పనులూ తెలిసినది. ఉత్తరం టైపు చేయడం నుంచి లెక్కలు కట్టడం వరకు దానిదే భారం. హై డెఫినిషన్ వీడియోను విప్పే పని కూడా దానిపైనే పడితే పాత ప్రాసెసరు అలసిపోతుంది, వేడెక్కుతుంది, ఫ్యాను మోత పెరుగుతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డులో లేదా ప్రాసెసరులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ విభాగంలో వీడియోను విప్పడానికే ప్రత్యేకంగా తీర్చిన చిన్న భాగం ఒకటి ఉంటుంది. దీనిని గుడియాత్తం లుంగీ మగ్గంతో పోల్చవచ్చును. మగ్గానికి నేత తప్ప వేరే పని రాదు. కాని నేతలో దాని వేగం ఉత్త చేతులకు రాదు. ఈ భాగానికి పని అప్పగించడాన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు. అప్పుడు ప్రధాన ప్రాసెసరు దాదాపు ఖాళీగా ఉంటుంది.

ఎప్పుడు వచ్చింది?

ఎన్విడియా సంస్థ 2004లో ప్యూర్‌వీడియో పేరిట, ఏటీఐ సంస్థ 2005లో ఏవివో పేరిట ఈ సదుపాయాలను ప్రవేశపెట్టాయి. 2006లో ఏటీఐని ఏఎమ్‌డీ కొనుగోలు చేసింది. హెచ్.264ను విప్పే పని మొత్తాన్ని కార్డే చేపట్టడం 2007లో వచ్చిన జీఫోర్స్ 8600, రేడియాన్ హెచ్‌డీ 2600 వంటి కార్డులతో సాధ్యమైంది. ఇక్కడొక విచిత్రం గమనించదగినది. 2006 చివర వచ్చిన, ఎంతో ఖరీదైన జీఫోర్స్ 8800 జీటీఎక్స్‌లో ఈ పూర్తి సదుపాయం లేదు. తరువాత వచ్చిన చవక కార్డులో ఉంది. వీడియో విషయంలో కార్డు ధర కన్నా దాని తరం ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

పాతది కొత్తదానిని ఎందుకు విప్పలేదు?

తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో ఆరంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం ద్వారా సరిహద్దు గ్రామాల విద్యార్థుల ఇళ్ళకు కూడా కంప్యూటర్లు చేరాయి. వాటి నమూనాలు ఏటేటా మారాయి. హెచ్.264 వీడియోను చక్కగా చూపే ఆ కాలపు యంత్రం నేటి ఫోనులో తీసిన వీడియో వద్ద తడబడటానికి కారణం, కుదింపు పద్ధతి మారడమే.

2013లో హెచ్‌ఈవీసీ అనే హెచ్.265, అదే ఏడాది గూగుల్ వారి వీపీ9, 2018లో ఏవీ1 వెలువడ్డాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో హెచ్‌ఈవీసీని విప్పే భాగం 2015 నాటి ఆరవ తరంతోను, ఏవీ1ను విప్పే భాగం 2020 నాటి పదకొండవ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లతోను వచ్చాయి. ఒక నేతకు బిగించిన మగ్గం మరొక నేత నేయనట్లే, పాత చిప్పుకు కొత్త పద్ధతిని నేర్పడం సాధ్యం కాదు. అప్పుడు భారం మళ్ళీ ప్రధాన ప్రాసెసరుపైనే పడుతుంది.

ఇంట్లోనే పరీక్ష

విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటరులో వీడియో నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ విభాగంలో జీపీయూను చూడాలి. అక్కడ వీడియో డీకోడ్ గీత పైకి లేచి, సీపీయూ గీత కిందనే ఉంటే కార్డు పనిచేస్తున్నట్లు. సీపీయూ నూటికి చేరువై, డీకోడ్ గీత నేలను అంటి ఉంటే కార్డు ఊరక కూర్చున్నట్లు.

అటువంటప్పుడు చేయదగినవి ఇవి:

1. గ్రాఫిక్స్ డ్రైవరును తయారీదారు ఇచ్చిన చివరి రూపానికి మార్చాలి. డ్రైవరు సరిగా లేకుంటే ఉన్న చిప్పు కూడా పనికిరాదు.

2. వీఎల్‌సీ ప్లేయరులో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఇన్‌పుట్ – కోడెక్స్ కింద హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్‌ను ఆటోమేటిక్‌లో ఉంచాలి.

3. యూట్యూబులో తడబాటు ఉంటే 1080 బదులు 720 ఎంచుకోవాలి. చుక్కల సంఖ్య సగానికన్నా తగ్గుతుంది.

4. ఫోనులోని కెమెరా అమరికలలో హెచ్.264 పద్ధతి ఉంటే, పాత కంప్యూటరులో చూడదలచిన వీడియోలను ఆ పద్ధతిలోనే తీయాలి. ఫైలు పెద్దదవుతుంది గాని సులువుగా నడుస్తుంది.

5. పెళ్ళి వీడియో అప్పగించే స్టూడియోవారిని 1080 పరిమాణంలో, 8 బిట్ హెచ్.264 ప్రతిని కూడా అడిగి తీసుకోవాలి. 10 బిట్ హెచ్.264ను చాలా గ్రాఫిక్స్ కార్డులు విప్పలేవు. 4కె ప్రతిలో నాలుగు రెట్ల చుక్కలు ఉంటాయి; దానిని భవిష్యత్తు కోసం భద్రపరచుకోవచ్చును.

ఇవన్నీ చేసినా ఫలితం లేనప్పుడే కొత్త యంత్రం మాట. అప్పుడు కూడా దుకాణంలో గ్రాఫిక్స్ మెమరీ ఎంత అని అడిగితే చాలదు. ఏయే పద్ధతుల వీడియోను విప్పగలదని అడగాలి. తాతగారి షష్టిపూర్తి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ను కొనేటప్పుడే వెంట తీసుకువెళ్ళి, అక్కడే ఆడించి చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.