కట్టబొమ్మన్ ఇంట్లో ఏ భాష మాట్లాడె?

మా సాత్తూరు ఇంట్లో సినిమా మాట మొదలైతే చివరికి చేరేది కట్టబొమ్మన్ దగ్గరికే. మధ్యలో వేరేవి రాకపోవు. మాయాబజారు వస్తుంది. 1957 మార్చిలో తెలుగులోనూ ఏప్రిల్‌లో తమిళంలోనూ వచ్చిన సినిమా అది, మా వాళ్ళు చూసింది తమిళానిది. దాంట్లో అభిమన్యుడు జెమినీ గణేశన్. నాగేశ్వరరావు అభిమన్యుడుగా ఉన్నది మేము టీవీలో పెట్టి చూపిస్తే మా అవ్వ, "ఇది ఎవరో మార్చి తీసినారు" అనె. ఘటోత్కచుడు రంగారావే, సావిత్రి సావిత్రే కాబట్టి ఒప్పుకునె, లేకపోతే టీవీ కట్టేసి ఉండును.

కట్టబొమ్మన్ అట్ల కాదు. అది మా సీమ కథ. సాత్తూరు నుంచి తిరునెల్వేలి పొయ్యే దారిలో కోవిల్‌పట్టి దాటినాక కయత్తారు వస్తుంది. 1799 అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ని ఉరి తీసింది అక్కడే. బస్సు ఆ ఊరు దాటేటప్పుడు మా పెదనాయన ఇప్పటికీ మాట ఆపేస్తాడు. అక్కడుండే విగ్రహం శివాజీ గణేశన్ తన డబ్బుతో స్థలం కొని పెట్టించింది. సినిమాలో ఎవరి వేషం వేసినాడో వాళ్ళకి నిజం గుడి కట్టినట్టు.

'వీరపాండియ కట్టబొమ్మన్' 1959 మే 16న విడుదలయ్యె. దానికి ముందే అది నాటకం, 1957 నుంచి శివాజీ మంద్రం ఊరూరా ఆడింది. దానికీ ముందు అది వీధి కూత్తు. శివాజీ పిల్లవాడుగా ఉన్నప్పుడు ఆ 'కంబళత్తాన్ కూత్తు' చూసి, దాంట్లో తెల్ల సిపాయి గుంపులో నిలబడి, అక్కడే నటన పిచ్చి పట్టిందని తానే చెప్పుకున్నాడు. కంబళత్తాన్ అంటే కంబళం నాయకుడు. కంబళం వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు. మన తెలుగే, తమిళం కలిసిన తెలుగు. పాలెగాడి ఇంటిపేరు మొదట 'గెట్టి బొమ్ము' అనీ, తమిళ నోట కట్టబొమ్మన్ అయిందనీ పెద్దలు చెప్తారు. ఆ తమిళ సినిమాని మళ్ళీ తెలుగులోకి డబ్బింగు చేసినప్పుడు 'వీరపాండ్య కట్టబ్రహ్మన' అని పేరు పెట్టిరి. గట్టివాడు తమిళంలోకి పోయి, తిరిగి వచ్చేసరికి బ్రహ్మన్న అయిపోయె! మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని చేసేవాళ్ళం. ఒక మాట ఒక చోట నుంచి ఇంకో చోటికి పోయి తిరిగి వచ్చేటప్పుడు ఏమి పోయిందో చూడడమే మా ఉద్యోగం. ఇంత చక్కని కేసు ఆఫీసులో కూడా దొరకలేదు.

సినిమాకి చరిత్ర చూపించి దారి పెట్టింది మ.పొ. శివజ్ఞానం. తిరుపతి, తిరుత్తణి తమిళ నాటికి రావాలని పోరాడిన మనిషి, 1960లో తిరుత్తణి వచ్చే దాకా ఊరుకోలేదు. అట్లాంటాయన ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక పాలెగాడిని తమిళ వీరుడుగా నిలబెట్టె. ఇది తప్పని మేము అనడంలేదు. ఆయన లేకపోతే ఆ కథ మా తాత దగ్గరికి కూడా ఇంత పెద్దగా వచ్చి ఉండదు. అయితే సినిమా మొత్తం చూసినా కట్టబొమ్మన్ ఇంటి లోపల జక్కమ్మతో ఏ భాషలో మాట్లాడినాడో తెలీదు. జక్కమ్మ వేషం వేసిన ఎస్. వరలక్ష్మి మాత్రం 'బాలరాజు'లో పాడిన మన తెలుగావిడే.

ఇప్పుడు మా మాట ఒకటి. మేము చదివింది బెంగళూరులో, కన్నడ మీడియం. స్కూలు వార్షికోత్సవానికి మాకు నేర్పించింది కిత్తూరు చెన్నమ్మ సంభాషణ. కప్పం అడగ వచ్చిన తెల్లవాడిని నిలదీసేది. సరోజాదేవి గొంతులో కన్నడిగులందరికీ నోటికి వచ్చేది. మేము సెలవులకి సాత్తూరు వచ్చి అది అప్పజెప్తే, పెదనాయన కుర్చీలో నుంచి లేచి, జాక్సన్ దొర ముందు శివాజీ చెప్పేది తమిళంలో అందుకునె. మేము బిత్తరపోతిమి. అదే కోపం, అదే ప్రశ్నల వరస. చాలా ఏళ్ళకు తెలిసె, రెండు సినిమాలూ తీసింది బి.ఆర్. పంతులే అని. తమిళంది 1959, కన్నడంది 1961. కోలారు సీమ మనిషి, మూడు భాషల్లోనూ సినిమాలు తీసినాడు. మా ఇంట్లో రెండు తరాలు రెండు భాషల్లో ఒకే మనిషి పాఠం ఒప్పజెప్పినట్టు అయ్యె. తెలుగులో ఒప్పజెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

అందుకే 2019లో 'సైరా నరసింహారెడ్డి' వచ్చినప్పుడు ఇల్లంతా ఎదురు చూస్తిమి. తెలుగు పాలెగాడు, తెలుగులోనే. పైగా తమిళ నాటి నుంచి సాయం వచ్చే రాజపాండి వేషం విజయ్ సేతుపతిది. ఆయన పుట్టింది మా జిల్లా రాజపాళయంలోనే. చూసి వచ్చినాక పెదనాయన తేల్చేసె: "చిరంజీవి బాగా చేసినాడు, కొట్లాటలు తగ్గించి ఉంటే ఇంకా బాగుండును. శివాజీ నిలబడి మాట్లాడితేనే ఫిరంగి పేలినట్టుండె." మా అభిప్రాయం కొంచెం వేరే. శివాజీది నాటకం గొంతు, ఇప్పటి చెవికి ఎక్కువే. అయినా జాక్సన్ ఘట్టం దగ్గర మేమూ ఫోను పక్కన పెట్టేస్తాము. మా ఫిర్యాదు ఇంకొకటి. నరసింహారెడ్డి గొడవ చరిత్రలో తవర్జీ దగ్గర మొదలయ్యె, నెలకి 11 రూపాయల చిల్లర. కట్టబొమ్మన్‌ది కిస్తీ బాకీ గొడవ. 1798లో జాక్సన్‌ని కలవడానికి ఊరూరూ తిరిగి చివరికి రామనాథపురంలో కలిసినాడు. ఆ గొడవ తర్వాత పదవి పోయింది జాక్సన్‌దే. ఈ లెక్కల కాగితాలు తెర మీద చూపిస్తే వీరుడు చిన్నబోతాడని రెండు సినిమాలూ భయపడినట్టుంది. మాకైతే అప్పుడే మనిషి దగ్గరగా కనిపించును. ఆర్‌ఆర్‌ఆర్ మీద మాకు ఈ ఫిర్యాదు లేదు, అది కట్టుకథ అని ముందే ఒప్పుకునె.

సినిమా చేసిన ఒక పని మాత్రం మా ఇంటికి నొప్పి. ఎట్టయపురం పాలెగాడు ఎట్టప్పన్, ఆయనా కంబళం నాయకుడే, తెలుగు ఇంటివాడే. కంపెనీకి సాయం చేసినాడు, పాంచాలంకురిచ్చి భూముల్లో భాగం పొందినాడు, నిజమే. అయితే కట్టబొమ్మన్ పట్టుబడింది పుదుక్కోట్టై తొండైమాన్ సీమలో. జనం నోట ద్రోహి అంటే మాత్రం ఎట్టప్పన్ ఒక్కడే. సినిమాలో వి.కె. రామసామి ఆ వేషం ఎంత బాగా వేసినాడంటే, ఆ పేరే తిట్టు అయిపోయె. భారతి పుట్టింది ఆ ఎట్టయపురంలోనే, ఆయనకి 'భారతి' అని పేరు వచ్చింది ఆ ఆస్థానంలోనే అని ఎవరికీ గుర్తుండదు.

మా తాత తమ్ముడు, చిన్నతాత, తన వాటా కరిసల్ నేల అన్నకి చెప్పకుండా అగ్గిపెట్టెల పని పెట్టేవాళ్ళకి అమ్మినాడు. ఆ రోజు వాకిట్లో నిలబడి మా తాత అన్నది ఒకటే మాట, "ఎట్టప్పన్". అంతే. ఇరవై ఏళ్ళు రెండిళ్ళకీ రాకపోకలు లేవు. చిన్నతాతకి అప్పుడు కూతురి పెళ్ళి అప్పు ఉండె అని అవ్వ ఈ మధ్యనే మాతో చెప్పె. ఆ లెక్క కూడా ఎవరూ తెర మీద చూపించలేదు.

ఈ పొంగలుకి చిన్నతాత మనవళ్ళు కారాసేవు పొట్లం తీసుకుని వస్తామన్నారు. సాయంత్రం అందరం కూర్చుని ఒక సినిమా చూడాలి. పెదనాయన కట్టబొమ్మనే పెట్టమంటాడు. మేము మాయాబజారు అంటున్నాము. తమిళందా తెలుగుదా అని ఇంకా తేలలేదు.