పరదేశం నుంచి వచ్చిన శెనక్కాయ

ఊరిబిండి లేని రాగిసంగటి, శెనక్కాయలు పడని చిత్రాన్నం మా హిందూపురం వైపు ఎవరైనా ఊహించగలరా? కానీ పెనుకొండ గగన్ మహల్ చూసినప్పుడల్లా నాకొక సంగతి తట్టి నవ్వొస్తుంది. విజయనగర రాజుల వంటశాలలో ఈ రుచి ఉండి ఉండదు! శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. సముద్రాలు దాటించి ఇటు తెచ్చింది పోర్చుగీసువారంటారు. మన సీమ పొలాల నిండా అది పరుచుకున్నది ఇంకా ఎంతో తర్వాత. చుట్టపుచూపుగా వచ్చి ఇంటి పెత్తనం తీసుకుందన్నమాట.

ఇప్పుడు జన్యుమార్పిడి తిండి అనగానే మనకు గుండె దడ. “తింటే ఎలర్జీ వస్తుందటగదా వదినా?” అని ధర్మవరంలో పక్కింటావిడ నన్నడిగింది. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఎలర్జీ అంటే తిండిలోని ఏదో ఒక మాంసకృత్తును ఒళ్లు శత్రువనుకుని తిరగబడటమే. ఒక మొక్క జన్యువును ఇంకో మొక్కలో పెడితే, ఆ మాంసకృత్తూ వెంట రావచ్చు.

అమెరికాలో అలాగే జరిగింది. దాణాలో పోషణ పెంచాలని సోయాచిక్కుడులో బ్రెజిల్ గింజ జన్యువును పెట్టారు. ఆ గింజ పడనివారి రక్తంతో పరీక్షిస్తే ఈ సోయా కూడా పడదని తేలింది. 1996లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ సోయా బజారుకు రానేలేదు. 2000లో మాత్రం పశువులకే అనుమతి ఉన్న స్టార్‌లింక్ మొక్కజొన్న మనుషుల తిండిలో కలిసిపోయింది. ఎలర్జీ వచ్చిందన్నవారిలో కొందరి రక్తం పరీక్షిస్తే, దానివల్లేనన్న ఆధారం దొరకలేదు. అయినా సరుకు వెనక్కి తీసుకోక తప్పలేదు. మొదటిసారి పరీక్ష కాపాడింది, రెండోసారి కాపలా తప్పింది.

సరిగ్గా ఆ 2000లోనే మన అనంతపురం జిల్లా శెనక్కాయకు కాండం కుళ్లు వైరస్ సోకింది. దాదాపు 2,25,000 హెక్టార్లు దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం! ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలగలేదో! దాన్ని తట్టుకునే శెనక్కాయ కోసం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యుమార్పిడి దారి కూడా పట్టింది. అది ఇంకా రైతు చేతికి రాలేదు. కాబట్టి ‘వద్దు’ అనటమూ అంత తేలిక కాదు.

మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ గింజల నూనె వంటల్లోకీ వస్తుంది. శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు గనుక ఎలర్జీ భయం తక్కువ. కూరకొచ్చే వంకాయ సంగతి వేరు. అందుకే బీటీ వంకాయను 2010 ఫిబ్రవరి 9న కేంద్రం ఆపేసింది.

చిత్రమేమిటంటే, ఏ మార్పూ చేయని మన శెనక్కాయంటేనే పడమటి దేశాల తల్లులకు హడల్. అక్కడ ఎన్నో బళ్లలో పిల్లలు దాన్ని తేకూడదు.

శెనక్కాయను ఏ ప్రయోగశాలా పరీక్షించి మనకివ్వలేదు. నాలుగైదు తరాలు తిని తేల్చుకున్నాం. కొత్త పంటకు అంత వ్యవధి ఎవరిస్తారు? అందుకే ముందు పరీక్ష కావాలి, ఆ ఫలితం నలుగురికీ తెలియాలి, పొట్లం మీద పేరుండాలి. కొనేది మనం, వండి పిల్లలకు పెట్టేదీ మనమే కదా. అడిగే హక్కు మనకు కాక ఇంకెవరికుంటుంది?