కొండగావ్‌లో శిల్పి గృహం

ఓరుగల్లు 1323లో పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు బస్తరుకు చేరి రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. కనుక ఆ నేల తెలుగువారికి పరాయిది కాదు. భద్రాచలం నుండి జగదల్‌పూరు మీదుగా సాగే రహదారిపై ఉన్న కొండగావ్, 2014లో గతించిన ఘడవా లోహశిల్పి జయదేవ్ బఘేల్ ఊరు.

ఆయన ఇల్లు చూడబోయేవారు శిల్పాలకై వెదకరాదు. అవి దేశవిదేశాలకు తరలిపోయాయి. అచ్చులైనా మిగలవు. మట్టిముద్దపై తేనెమైనపు దారాలు చుట్టి రూపం దిద్దుతారు. పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిన చోట ఇత్తడి నిండుతుంది. అచ్చు పగిలితేనే బొమ్మ వెలువడుతుంది. ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

మొహెంజోదారో నర్తకిని పోతపోసినదీ, ఆదిలాబాదు ఓజులు నేటికీ పోతపోసేదీ ఈ విధంగానే. 12వ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసంలో ఈ మధూచ్ఛిష్ట విధానాన్ని వర్ణించాడు. అయితే ఘడవాలు విద్య నేర్చినది గ్రంథం నుండి కాదు, తండ్రి చేతినుండి. కవి గతించినా కావ్యం చదువుకోవచ్చును. ఈ విద్యను చదివి పొందలేము. వారసుడు కొలిమి ముందు కూర్చున్నంతవరకే అది శిల్పి గృహం. కొలిమి చల్లారిననాడు మిగిలేవి గోడలే.